కరెంటు పోయొస్తే బీఎంసీ ఎటు పోతుంది?

సర్వర్ పడిపోయినా, ఓఎస్ లేవకపోయినా, దూరం నుంచే దాన్ని ఆన్ చేసి స్క్రీన్ చూడనిచ్చేది మదర్‌బోర్డు మీదున్న ఓ చిన్న కంప్యూటర్. దాన్నే బీఎంసీ అంటాం. డెల్ వాళ్లకది ఐడ్రాక్, హెచ్‌పీఈ వాళ్లకి ఐఎల్‌ఓ, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్, సూపర్‌మైక్రో వాడేవాళ్ల నోట్లో ఉత్త ‘ఐపీఎంఐ’ (నిజానికది బీఎంసీతో మాట్లాడే ప్రమాణం పేరు). ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిదీ దాదాపు ఒకే గోల: సర్వర్ నడుస్తోంది, బీఎంసీ మాత్రం దొరకడం లేదు. చాలావాటికి మా మొదటి ప్రశ్న కూడా ఒకటే. అది అసలు ఏ పోర్టులోంచి మాట్లాడుతోంది?

ప్రశ్న: మా ఆఫీసులో యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోయేంతసేపు కరెంటు పోయినప్పుడల్లా ఇదే తంతు. కరెంటు వచ్చాక సర్వర్ లేస్తుంది, బీఎంసీకి పింగ్ వెళ్లదు. ఎవరైనా వెళ్లి పవర్ తీగలు పీకి పెడితే మళ్లీ వస్తుంది. బయాస్‌లో ఐపీఎంఐ ల్యాన్ దగ్గర డెడికేట్, షేర్, ఫెయిల్‌ఓవర్ అని మూడున్నాయి. మాది ఫెయిల్‌ఓవర్. బోర్డు చెడిందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బోర్డు చెడలేదు. ఆ మూడో మాటే మీ కొంప ముంచుతోంది.

మీరు రాసిన మెనూ సూపర్‌మైక్రో బోర్డులది. ఫెయిల్‌ఓవర్ అనగానే ఒక పోర్టు పోతే రెండోదానికి, అది తిరిగొస్తే వెనక్కి, ఎప్పటికప్పుడు మారుతుందని అందరూ అనుకుంటారు. చాలా బోర్డుల్లో అలా జరగదు. బీఎంసీ లేచేటప్పుడు ఒక్కసారి డెడికేటెడ్ పోర్టు (బీఎంసీకే కేటాయించిన పోర్టు) వైపు చూస్తుంది. లింకు ఉంటే అక్కడ స్థిరపడుతుంది, లేకపోతే సర్వర్ వాడే మొదటి నెట్‌వర్క్ పోర్టు ల్యాన్1 మీదకు పోతుంది. తర్వాత లింకు వచ్చినా వెనక్కి రాదు. బీఎంసీ లేచేది మీరు పవర్ బటన్ నొక్కినప్పుడు కాదు, గోడ ప్లగ్గులో కరెంటు వచ్చిన క్షణాన. మేనేజ్డ్ స్విచ్ లేవడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పట్టొచ్చు. కరెంటు ఇద్దరికీ ఒకేసారి వస్తుంది. బీఎంసీ తొంగిచూసేసరికి స్విచ్ ఇంకా నిద్రలోనే ఉంటుంది, అందుకే అది ల్యాన్1కు వెళ్లిపోతుంది. మీరు తీగలు పీకి పెట్టేసరికి స్విచ్ ఎప్పుడో లేచి ఉంటుంది కాబట్టి ఈసారి లింకు కనిపిస్తుంది. తీగలు పీకడంలో మహిమేమీ లేదు.

నిర్ధారించుకోవడానికి సర్వర్ గదికి వెళ్లక్కర్లేదు. సర్వర్‌లో లినక్స్ నడుస్తుంటే ‘ఐపీఎంఐ_డెవింట్ఎఫ్’ మాడ్యూల్ (‘మోడ్‌ప్రోబ్ ఐపీఎంఐ_డెవింట్ఎఫ్’) ఎక్కించి ‘ఐపీఎంఐటూల్ ల్యాన్ ప్రింట్ 1’ కొట్టండి. ఇది నెట్‌వర్క్ ద్వారా కాకుండా బోర్డు లోపలి దారిలోనే బీఎంసీని అడుగుతుంది కాబట్టి నెట్‌వర్క్ పోయినా పనిచేస్తుంది. అందులో నాలుగు విషయాలు చూడండి: ఐపీ, అది స్టాటిక్కా (మనం రాసిచ్చిందా) డీహెచ్‌సీపీయా (నెట్‌వర్క్‌లో ఐపీలు పంచే సర్వర్ ఇచ్చిందా), వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) నంబరు, మ్యాక్ అడ్రసు (పోర్టు సొంత గుర్తింపు నంబరు). ఆ మ్యాక్ అడ్రసు పట్టుకెళ్లి స్విచ్‌లోని మ్యాక్ టేబుల్లో వెతకండి. బీఎంసీ తీగ ఉన్న పోర్టులో కాకుండా ల్యాన్1 తీగ ఉన్న పోర్టులో కనిపిస్తే మేం చెప్పింది నిజం. హెచ్‌పీఈలో అయితే 1 బదులు 2 కొట్టాలి, ఐఎల్‌ఓ ల్యాన్ ఛానెల్ అదే.

మందు: డెడికేట్ చేసేయండి. తీగ ఆ పోర్టులో ఉందని, దాని దీపం వెలుగుతోందని ముందు చూసుకోండి. ఖాళీ పోర్టుకు డెడికేట్ చేసి దూరం నుంచి సేవ్ కొట్టారంటే అక్కడితో ఆట ఆగిపోతుంది. మార్చాక ‘ఐపీఎంఐటూల్ ఎంసీ రీసెట్ కోల్డ్’ ఇచ్చి రెండు మూడు నిమిషాలు ఆగండి.

ఇందులో భద్రత కోణం కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ల్యాన్1 మీ సర్వర్‌ను ఇంటర్నెట్‌కు కలిపే తీగే అయితే, కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ మీ బీఎంసీ లాగిన్ పేజీ ఆ వైపు నిలబడి ఉంటుంది. డీహెచ్‌సీపీ కూడా ఆన్‌లో ఉంటే అక్కడి ఐపీ తీసుకుని మరీ కూర్చుంటుంది. కాబట్టి ‘ఫెయిల్‌ఓవర్ ఉంటే మంచిదేగా’ అనే మాటతో మేం ఏకీభవించం.

డెడికేట్ చేశాక కూడా ఐపీ రాకపోతే మీ డీహెచ్‌సీపీ సర్వర్ ఎక్కడుందో చూడండి. చిన్న ఆఫీసుల్లో అది ఇదే సర్వర్ మీద వర్చువల్ మెషీన్‌గా ఉండటం మామూలే. సర్వర్ లేస్తే గానీ డీహెచ్‌సీపీ లేదు, సర్వర్‌ను లేపాల్సిన బీఎంసీకేమో డీహెచ్‌సీపీ లేనిదే ఐపీ లేదు! బీఎంసీకి స్టాటిక్ ఐపీ ఇచ్చి, డీహెచ్‌సీపీ రేంజిలోంచి ఆ ఐపీని తీసేయండి.

ప్రశ్న: మా టీంలో నలుగురం. బీఎంసీ ఇద్దరికి తెరుచుకుంటుంది, ఇద్దరికి పింగ్ కూడా వెళ్లదు. నలుగురిదీ ఒకే సబ్‌నెట్, ఫైర్‌వాల్ మధ్యలో లేదు. బీఎంసీ మొదటి ల్యాన్ పోర్టును సర్వర్‌తో పంచుకుంటుంది. ల్యాన్1, ల్యాన్2 తీగలు రెండూ ఒకటిగా పనిచేసేలా ఎల్ఏసీపీ బాండ్ చేశాం.
– ఒక సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

జవాబు: ఆఖరి వాక్యం రాసి మా పని తేలిక చేశారు. షేర్డ్ పోర్టులో బీఎంసీకి సొంత తీగ ఉండదు. నెట్‌వర్క్ కార్డు లోపల ఎన్‌సీ-ఎస్ఐ అనే పక్కదారి ఉంటుంది. బీఎంసీ మ్యాక్‌కు వచ్చిన ప్యాకెట్లను కార్డు ఆ దారిలో పంపిస్తుంది. మీ విషయంలో ఆ దారి ఉన్నది ల్యాన్1కే. స్విచ్‌కు ఈ సంగతి తెలియదు. దాని లెక్కలో రెండు తీగలూ కలిసి ఒకే పోర్టు. పంపేవారి, అందుకునేవారి అడ్రసులతో ఓ లెక్క కట్టి, కొందరి ప్యాకెట్లు మొదటి తీగలో, కొందరివి రెండో తీగలో వేస్తుంది. రెండో తీగలో పడినవాళ్ల ప్యాకెట్లు బీఎంసీకి చేరవు. అందుకే ఎవరికి పనిచేస్తే వాళ్లకి ఎప్పుడూ పనిచేస్తుంది, పనిచేయనివాళ్లకి ఎప్పుడూ చేయదు. లాప్‌టాప్ మారిస్తే జాతకం తిరగబడుతుంది కూడా.

పరీక్ష ఇది: రద్దీ లేని వేళ స్విచ్‌లో ల్యాన్2 పోర్టును షట్ చేయండి. అందరికీ బీఎంసీ తెరుచుకుంటే కారణం ఇదే. డెడికేటెడ్ పోర్టు ఉంటే ఒక తీగ లాగి అందులోకి మార్చేయండి. లేకపోతే ఎల్ఏసీపీ తీసేసి, బాండ్‌ను యాక్టివ్-బ్యాకప్ (ఒక తీగ పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండే పద్ధతి) చేసి, స్విచ్ వైపు రెండు పోర్టులనూ మామూలు పోర్టులుగా ఉంచండి. వేగంలో కొంత పోతుంది గానీ బీఎంసీ దక్కుతుంది.

షేర్డ్ పోర్టు వాడేవాళ్లు ఇంకో మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఆ సర్వర్‌లోంచి దాని బీఎంసీకే పింగ్ చేస్తే వెళ్లకపోవడం తప్పు కాదు. ప్యాకెట్ స్విచ్ దాకా పోతుంది గానీ, స్విచ్ వచ్చిన పోర్టులోంచే దాన్ని వెనక్కి పంపదు. పింగ్ పక్క మెషీన్‌లోంచి చేసి చూడాలి. రెండు, ఆ తీగ మీద రెండు మ్యాక్ అడ్రసులు కనిపిస్తాయి: ఒకటి ఓఎస్‌ది, ఒకటి బీఎంసీది. స్విచ్‌లో పోర్ట్ సెక్యూరిటీ పెట్టి ఒక్క మ్యాక్‌నే అనుమతిస్తే బీఎంసీ మాట్లాడగానే స్విచ్ ఆ పోర్టునే మూసేయొచ్చు, అప్పుడు సర్వర్ కూడా పోతుంది. హద్దు కనీసం 2 చేయండి. మూడు, బీఎంసీలో వీల్యాన్ నంబరు పెడితే అది ట్యాగ్ వేసి పంపుతుంది. స్విచ్‌లో ఆ పోర్టు యాక్సెస్‌గా (ఒకే వీల్యాన్‌కు) ఉంటే ట్యాగ్ ఉన్నవాటిని పారేస్తుంది. పోర్టును ట్రంక్ (పలు వీల్యాన్‌లు నడిచే పోర్టు) చేసి, సర్వర్ వీల్యాన్‌ను నేటివ్‌గా (ట్యాగ్ లేనిదిగా) ఉంచి, బీఎంసీ వీల్యాన్‌ను అనుమతుల జాబితాలో చేర్చాలి. డెడికేటెడ్‌కు మారినప్పుడు పాత వీల్యాన్ నంబరు అలాగే ఉండిపోయి తిప్పలు పెడుతుంది. ‘ఐపీఎంఐటూల్ ల్యాన్ సెట్ 1 వీల్యాన్ ఐడీ ఆఫ్’ అంటే పోతుంది.

ప్రశ్న: సర్వర్ ఆన్‌లో ఉంటే బీఎంసీ బంగారం. షట్‌డౌన్ చేస్తే మాయం. ఆఫ్‌లో ఉన్నప్పుడు పనికిరాని బీఎంసీ ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీదీ షేర్డ్ పోర్టే అయి ఉండాలి. సర్వర్ ఆపగానే నెట్‌వర్క్ కార్డు స్టాండ్‌బై కరెంటు మీదకు వస్తుంది. పొదుపు కోసం చాలా కార్డులు అప్పుడు వేగాన్ని 100 ఎంబీపీఎస్‌కో 10కో దించుతాయి. మీ స్విచ్‌లో ఆ పోర్టును ఎవరో 1000 దగ్గర కట్టేసి ఉంటారు. ఇక లింకు రాదు. స్పీడునూ డూప్లెక్స్‌నూ ఆటో చేయండి. ఆటోలోనే ఉండి కూడా రాకపోతే అది 10 గిగాబిట్ పోర్టేమో చూడండి. చాలా 10 గిగాబిట్ కాపర్ పోర్టులు, మాడ్యూళ్లు 100కు దిగవు. పాత బీఎంసీల డెడికేటెడ్ పోర్టు గరిష్ఠ వేగమే 100. దాన్ని అలాంటి స్విచ్‌లో పెడితే దీపమే వెలగదు. ఓ పాత గిగాబిట్ స్విచ్ మధ్యలో పెట్టుకోవడం చవకైన దారి.

ఒకవైపు 100 ఫుల్ డూప్లెక్స్ అని కట్టేసి రెండోవైపు ఆటో వదిలేసినా ముప్పే. ఆటో వైపు హాఫ్ డూప్లెక్స్‌కు (ఒకసారికి ఒకవైపే మాట్లాడే పద్ధతికి) దిగుతుంది. పింగ్ బాగానే వెళ్తుంది, కన్సోల్ మాత్రం నత్తనడక నడుస్తుంది. స్విచ్ పోర్టు లెక్కల్లో లేట్ కొలిజన్లు పెరుగుతుంటే ఇదే.

ప్రశ్న: రీబూట్ చేయగానే రిమోట్ కన్సోల్ అరనిమిషం తెగిపోతుంది. తిరిగొచ్చేసరికి ఎఫ్2 నొక్కే సమయం దాటిపోతోంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రీబూట్‌లో షేర్డ్ పోర్టు లింకు ఒకసారి పడి లేస్తుంది. స్విచ్‌లో పాత పద్ధతి స్పానింగ్ ట్రీ (ప్యాకెట్లు నెట్‌వర్క్‌లో గుండ్రంగా తిరగకుండా చూసే ఏర్పాటు) ఉంటే లిజనింగ్ 15 సెకన్లు, లర్నింగ్ 15 సెకన్లు, మొత్తం అరనిమిషం పోర్టు తెరవదు. ఆ పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ లేదా ఎడ్జ్ పెట్టండి. పోర్టు ట్రంక్ అయితే ట్రంక్‌కు వేరే పోర్ట్‌ఫాస్ట్ మాట ఉంటుంది, మామూలుది దానికి వర్తించదు. స్విచ్ మీ చేతిలో లేకపోతే ఎఫ్2తో కుస్తీ మానేసి, రీబూట్‌కు ముందే ‘ఐపీఎంఐటూల్ ఛాసిస్ బూట్‌డెవ్ బయాస్’ ఇవ్వండి. ఈసారి లేచేటప్పుడు నేరుగా బయాస్‌లోకే వెళ్తుంది.

ప్రశ్న: ఇంటి నుంచి వీపీఎన్‌లో కలిస్తే బీఎంసీకి పింగ్ వెళ్తుంది. లాగిన్ పేజీ సగం వచ్చి ఆగుతుంది. ఆఫీసులో ఏ బాధా లేదు.
– ఒక తెలుగు ఇంజినీరు, డాలస్

జవాబు: చిన్న ప్యాకెట్లు పోతున్నాయి, పెద్దవి పోవడం లేదు. వీపీఎన్ తన సొంత హెడర్లు తగిలిస్తుంది కాబట్టి 1500 బైట్ల ప్యాకెట్ అందులో పట్టదు. ‘పట్టలేదు, చిన్నది పంపు’ అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని మధ్యలో ఏదో ఫైర్‌వాల్ మింగేస్తుంటే, బీఎంసీ ఆ పెద్ద ప్యాకెట్‌నే మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది.

విండోస్‌లో పింగ్‌కు ముక్కలు చేయొద్దనే ఎఫ్ ఆప్షన్, సైజు చెప్పే ఎల్ ఆప్షన్ రెండూ ఇచ్చి, 1472తో మొదలుపెట్టండి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే 1500. జవాబు రాకపోతే 20 చొప్పున తగ్గించుకుంటూ పోండి. ఉదాహరణకు 1372 దగ్గర వచ్చిందనుకోండి, మీ దారిలో పట్టేది 1400. అందులోంచి హెడర్లకు 40 తీసేసి, వీపీఎన్ గేట్‌వేలో టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా హద్దును) 1360కి బిగించమని మీ నెట్‌వర్క్ వాళ్లకు చెప్పండి. బీఎంసీని ముట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: వెబ్ పేజీలో లాగిన్ అవుతున్నాం. అదే యూజరు, అదే పాస్‌వర్డుతో ఐపీఎంఐటూల్ మాత్రం ఆర్ఎంసీపీ ప్లస్ (నెట్‌వర్క్ మీద ఐపీఎంఐ 2.0 లాగిన్) సెషన్ కుదరలేదంటుంది.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ ఒక్క ఎర్రర్ వెనక అరడజను కారణాలు దాక్కుంటాయి. ఈ వరసలో చూడండి.

వెబ్ పేజీ నడిచేది టీసీపీ 443 మీద, ఐపీఎంఐ నడిచేది యూడీపీ 623 మీద. ఫైర్‌వాల్లో రెండోది తెరిచారా? ‘623 తెరిచాం’ అన్నవాళ్లు టీసీపీ తెరిచి ఉండటం తరచూ జరుగుతుంది. తర్వాత, ఐడ్రాక్9లోనూ ఐఎల్‌ఓ 5లోనూ నెట్‌వర్క్ మీద ఐపీఎంఐ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, సెట్టింగుల్లో మీరే ఆన్ చేయాలి. కమాండులో ‘ల్యాన్‌ప్లస్’ ఇంటర్‌ఫేస్ ఇచ్చారో లేదో చూడండి, వట్టి ‘ల్యాన్’ అంటే అది పాత ఐపీఎంఐ 1.5 పద్ధతి.

అప్పటికీ కుదరకపోతే సైఫర్ సూట్ (రెండువైపులా ఒప్పుకోవాల్సిన గుప్తీకరణ పద్ధతి). పాత ఐపీఎంఐటూల్ 3వ సూట్‌తో తలుపు కొడుతుంది. కొత్త బీఎంసీల్లో కొన్ని 17వ దాన్ని మాత్రమే ఒప్పుకుంటాయి. పెద్ద బడి సీ ఆప్షన్‌కు 17 ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి.

ఇక పాస్‌వర్డు పొడవు. ఐపీఎంఐ 2.0లో పాస్‌వర్డు 20 అక్షరాలకు మించకూడదు, 1.5లో అయితే 16కి. వెబ్ పేజీ అంతకంటే పొడవైనది ఒప్పుకుంటే, అక్కడ పనిచేసినది ఇక్కడ చెల్లదు. చివరగా యూజరు హోదా. ఐపీఎంఐటూల్ మామూలుగా అడ్మినిస్ట్రేటర్ హోదానే అడుగుతుంది. మీ యూజరుకు ఆపరేటర్ వరకే ఉంటే పెద్ద ఎల్ ఆప్షన్‌తో ‘ఆపరేటర్’ అని చెప్పాలి.

ప్రశ్న: ఐడ్రాక్9 ఫర్మ్‌వేర్ వేశాక ఐపీతో తెరుచుకుంటోంది, పేరుతో తెరిస్తే 400 బ్యాడ్ రిక్వెస్ట్ అంటోంది. డీఎన్ఎస్ సరిగానే ఉంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 5.10.00.00 ఫర్మ్‌వేర్‌తో వచ్చిన భద్రతా తనిఖీ ఇది. బ్రౌజరు అడిగిన పేరు తనకు తెలిసినది కాకపోతే ఐడ్రాక్ తలుపు తీయదు. వెబ్‌సర్వర్ సెట్టింగుల్లో ‘మాన్యువల్ డీఎన్ఎస్ ఎంట్రీ’లో మీరు వాడే పూర్తి పేరు చేర్చండి. ‘హోస్ట్ హెడర్ చెక్’ను ఆపేసినా పనవుతుంది గానీ, పేరు చేర్చడమే పద్ధతి.

ప్రశ్న: బీఎంసీల సబ్‌నెట్ 172.17తో మొదలవుతుంది. ఒక్క జంప్ సర్వర్ (లోపలి మెషీన్లను చేరడానికి ముందుగా ఎక్కే సర్వర్) లోంచే ఏదీ దొరకదు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఆ జంప్ సర్వర్‌లో కంటైనర్లు నడిపే డాకర్ ఉంది కదూ? దాని బ్రిడ్జి మామూలుగా 172.17.0.0/16ను తనదిగా చేసుకుంటుంది. ‘ఐపీ రూట్ గెట్’ అని బీఎంసీ ఐపీ ఇచ్చి చూడండి, దారి డాకర్0 వైపు చూపిస్తుంది. డాకర్ డెమన్ సెట్టింగుల ఫైలులో ‘బీఐపీ’కి వేరే రేంజి ఇచ్చి డాకర్‌ను రీస్టార్ట్ చేయండి. కంటైనర్లు ఒకసారి ఆగి లేస్తాయి, చెప్పి చేయండి.

ప్రశ్న: ఈ వీపీఎన్ గొడవంతా ఎందుకు, రూటర్లో 443 ఫార్వర్డ్ చేస్తే సరిపోదా? పాస్‌వర్డు గట్టిదే పెట్టాం.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. పాస్‌వర్డు ఎంత గట్టిదన్న ప్రశ్నే రాని దారులున్నాయి. 2024లో నంబరు పడిన సీవీఈ-2024-54085 (సీవీఈ అంటే భద్రతా లోపాలకిచ్చే నంబరు) అలాంటిదే: బీఎంసీల్లో వాడే ఏఎంఐ కంపెనీ మెగారాక్ ఫర్మ్‌వేర్‌లో లాగిన్ కాకుండానే లోపలికి వెళ్లనిచ్చే లోపం. దాన్ని దొంగలు వాడుతున్నారని 2025 జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా తన జాబితాలో చేర్చింది. 623 తెరిస్తే ఇంకా అధ్వానం. ఐపీఎంఐ 2.0 రూపకల్పనలోనే ఓ లొసుగుంది, నంబరు సీవీఈ-2013-4786. యూజరు పేరు సరైనదైతే చాలు, అడిగిన ఎవరికైనా లాగిన్ పూర్తవకముందే బీఎంసీ పాస్‌వర్డు హ్యాష్‌ను (పాస్‌వర్డుతో కట్టిన గుప్త లెక్కను) అప్పజెబుతుంది. దాన్ని ఇంటికి పట్టుకెళ్లి తీరిగ్గా విప్పుకోవచ్చు. ఇది ప్రమాణంలోనే ఉన్న దోషం కాబట్టి ప్యాచ్ లేదు. బీఎంసీలకు వేరే వీల్యాన్, దానికి వీపీఎన్ ఒక్కటే దారి, బీఎంసీ నుంచి బయటికి వెళ్లే దారి మూత. ఐపీఎంఐ వాడనివాళ్లు దాన్ని ఆపేసి, దాని తర్వాత వచ్చిన కొత్త ప్రమాణం రెడ్‌ఫిష్‌తో పని కానివ్వండి.

ప్రశ్న: బీఎంసీ బిగుసుకుపోయింది. రీసెట్ చేస్తే నడుస్తున్న సర్వర్ కూడా పడిపోతుందేమోనని భయం.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పడదు. బీఎంసీ వేరు, మీ ఓఎస్ వేరు. రీసెట్ సమయంలో ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తొచ్చు, కంగారుపడకండి. అసలు బిగుసుకుందో లేదో ముందు చూడండి. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ సెషన్లు తెరిచి మూయకుండా వదిలేస్తే, కోటా నిండి కొత్తవాళ్లను రానివ్వదు. డెల్‌లో గరిష్ఠ సెషన్లు నిండాయన్న సందేశం వస్తే, ఎస్ఎస్‌హెచ్‌లో ‘రాకాడ్ఎం గెట్ఎస్ఎస్ఎన్ఇన్ఫో’తో జాబితా చూసి, ‘క్లోజ్ఎస్ఎస్ఎన్’తో వాటిని తెంపేయండి.

నిజంగానే బిగుసుకుంటే సర్వర్ ఓఎస్‌లోంచి ‘ఎంసీ రీసెట్ కోల్డ్’. అదీ పలకకపోతే మనిషి వెళ్లాలి. డెల్‌లో ముందున్న సిస్టమ్ ఐడీ బటన్‌ను 16 సెకన్లకు పైగా నొక్కి పట్టాలి. హెచ్‌పీఈలో యూఐడీ బటన్‌ను 5 నుంచి 9 సెకన్లు పడితే ఐఎల్‌ఓ మర్యాదగా రీబూట్ అవుతుంది, 10 దాటితే బలవంతంగా. అందుకని 6 దగ్గర వదిలేయమని ఫోన్లో మీరే లెక్కపెట్టండి. దేనికీ లొంగకపోతే సర్వర్‌ను షట్‌డౌన్ చేసి, రెండు పవర్ సప్లైల తీగలూ తీసి, బోర్డు మీది దీపాలన్నీ ఆరాక ఇంకో అరనిమిషం ఆగి పెట్టాలి. ఒక తీగే తీస్తే స్టాండ్‌బై కరెంటు పోదు, శ్రమ వృథా.

ఒక్క సందర్భంలో మాత్రం రీసెట్ జోలికి పోకండి. వర్చువల్ మీడియాలో ఐఎస్ఓ తగిలించి ఓఎస్ ఇన్‌స్టాల్ చేస్తుంటే ఆ డిస్కు మధ్యలోనే ఊడిపోతుంది, ఇన్‌స్టలేషన్ మళ్లీ మొదటి నుంచి.